నిలబడితే వణికే బండి



ఈ నెల ఒక పాత బండిని గూర్చి వ్రాస్తున్నాము. కుటుంబ పత్రికలో ఇంజను సంగతి ఎందుకని కొందరు అనుకోవచ్చును. కాని మన సంఘములలో ఎందరి ఇండ్ల ముందరో ఒక పాత వ్యాను గాని, పాత కారు గాని నిలిచి ఉన్నది. అది చెడిపోతే ఖర్చు ఒక్కటే కాదు, ఇంటిలోని సమాధానము కూడ చెడుతుంది. మా విషయములో అదే జరిగినది. బండిలోని లోపమును కనుగొనే విధానముతో పాటు, మేము చేసిన ఒక తప్పును కూడ దాచకుండ చెప్పవలసి యున్నది.

మా వ్యాను సంగతి

హాలియాలో మా సంఘమునకు ఒక పాత మారుతి ఓమ్ని వ్యాను ఉన్నది. ఈ వ్యానులు 1984లో వచ్చినవి, 2019లో వాటి తయారీ నిలిచిపోయినది. మాది కార్బొరేటరు కాలపు బండి. 796 సి.సి., మూడు సిలిండర్లు. ఇంజను ముందు సీట్ల క్రిందనే ఉంటుంది. ఆదివారము ముసలివారిని ఆరాధనకు తీసుకొని రావడం, పల్లెలలో కూడికలకు వెళ్ళడం, రాత్రివేళ జబ్బు చేసినవారిని మిర్యాలగూడ ఆసుపత్రికి చేర్చడం దాని పనులు. సంఘములోని ఒక యువకుడు జీతము లేకుండ దానిని నడిపేవాడు.

నిరుడు వానలు వెళ్ళిన తరువాత ఆ బండికి ఒక జబ్బు పట్టుకున్నది. నిడమనూరు రోడ్డు మీద వేగముగా పోతున్నంతసేపు ఏ లోపమూ కనబడదు. ఎక్కడైన ఆగితే చాలు, సీటు క్రింద ఎవరో తన్నుతున్నట్లు వణుకుతుంది, ఒక్కొక్కసారి ఆరిపోతుంది. మెకానిక్కులు దీనిని ‘మిస్సింగు’ అంటారు. ఒక రాత్రి ఆయాసముతో ఉన్న ఒక తల్లిని తీసుకొని వెళ్తుండగా దారిలో మూడుసార్లు ఆగిపోయినదట.

“అయ్యగారూ, బండిలో ఏదో ఉన్నది. నిలబడితే ఆగిపోతున్నది” అని ఆ యువకుడు మాతో రెండుసార్లు చెప్పినాడు. “రోడ్డు మీద మంచిగనే పోతున్నది గదా బాబూ” అని మేము కొట్టివేసినాము.

అంతలో పెట్రోలు లెక్క వచ్చినది. లీటరుకు పధ్నాలుగు కిలోమీటర్లు నడిచే బండి పదికి దిగినది. సంఘపెద్దల కూటములో పుస్తకము చూచి అందరము ఒకరి ముఖము ఒకరము చూచుకున్నాము. అతనిని పిలిపించి, “పెట్రోలు ఏమౌతున్నది?” అని అడిగినాము. అడిగిన తీరులోనే తీర్పు ఉన్నది. అతడు ఏమియు మాటలాడలేదు. తాళపుచెవి బల్ల మీద పెట్టి వెళ్ళిపోయినాడు. తరువాతి రెండు ఆదివారములు అతడును, అతని తల్లియు ఆరాధనకు రాలేదు.

ముందు విను, తరువాత విప్పు

ఈలోగా మేము బండికి డబ్బు పెట్టుచూనే ఉన్నాము. ఒకరు ప్లగ్గులన్నారు, మార్చినాము. ఒకరు కాయిలన్నారు, అదియు మార్చినాము. వణుకు పోలేదు. చివరికి అనుభవజ్ఞుడైన ఒక పెద్ద మెకానిక్కు వద్దకు తీసుకొని వెళ్ళినాము. ఆయన పానా పట్టుకొనలేదు. ఇంజను బాగుగా వేడెక్కనిచ్చి, హ్యాండు బ్రేకు వేసి, సైలెన్సరు గొట్టము వెనుక ఒక కాగితము ముక్కను పట్టుకొని నిలువబడినాడు.

“పాస్టర్ సాబ్, సామాను మార్చుడు తర్వాత. ముందు అది ఏమంటున్నదో వినాలె” అన్నాడు.

కాగితము లెక్క ప్రకారము, అంటే ప్రతి కొన్ని దెబ్బలకు ఒకసారి తప్పితే, ఏదో ఒక్క సిలిండరే పని చేయడం లేదని అనుమానించవచ్చును. తప్పడం ఎప్పుడు పడితే అప్పుడు జరిగితే, అన్ని సిలిండర్లకు ఉమ్మడిగా ఉన్నదానిలో, అనగా పాయింట్లలో గాని కార్బొరేటరులో గాని, లోపము వెదకవలెను. మా బండి లెక్క ప్రకారమే తప్పుచున్నది.

ఆ ఒక్క సిలిండరు ఏదో తెలిసికొనడానికి ఆయన ఇంజను ఆపి, మొదటి ప్లగ్గు వైరు తీసి, దాని చివర ఒక విడి ప్లగ్గు పెట్టి, పెట్రోలు తడి లేని చోట ఇనుమునకు ఆనించి, మరల ఇంజను వేసినాడు. ఇంజను ఆగిపోయేటట్లయినది. అనగా మొదటి సిలిండరు కష్టపడి పనిచేస్తున్నదే. రెండవదియు అంతే. మూడవదాని వైరు తీసినప్పుడు ఇంజనులో మార్పే లేదు. ఉన్నా లేకపోయినా తేడా తెలియనిదే సోమరి అని తేలినది.

తరువాత మూడవ ప్లగ్గును మొదటి దానిలోనికి మార్చినాడు. లోపము ప్లగ్గుతో పాటు వెళ్ళలేదు, మూడవ దానిలోనే నిలిచినది. కాబట్టి ప్లగ్గు నిర్దోషి. వైరు మార్చి చూచినాడు, అదియు నిర్దోషియే. కాయిలు వైరు తీసివేసి, ప్లగ్గు రంధ్రము మీద బొటనవ్రేలు అదిమి ఇంజను త్రిప్పించినాడు. గాలి వ్రేలిని గట్టిగా నెట్టినది. వాల్వులు, రింగులు బాగుగానే ఉన్నవన్న మాట. ఒక్కొక్కసారి ఒక్కటే మార్చడం, మార్చిన తరువాత మరల వినడం ఆయన పద్ధతి. మేమైతే ఒకేసారి నాలుగు మార్చి, ఏది దేనికో తెలియక కూర్చున్నాము.

ఇంజను మండడానికి నిప్పురవ్వ, ఒత్తిడి, తగిన పాళ్ళలో గాలి పెట్రోలు కావలెను. మొదటి రెండు సరిగా ఉన్నవి గనుక మూడవదే మిగిలినది. ఆయన మూడవ సిలిండరుకు గాలి పోయే దారి ప్రక్కన ఉన్న ఒక చిన్న రబ్బరు గొట్టమును వ్రేళ్ళతో గట్టిగా నొక్కినాడు. వెంటనే ఇంజను కుదుటపడినది! వదలినాడు, మరల వణికినది. గొట్టము అడుగుభాగము ఎండి పగిలియున్నది. పైనుండి చూస్తే కనబడదు. ఎన్ని సంవత్సరములనుండియో మేము దానిని ముట్టినవారము కాము. తప్పు బండిది కాదు, మాది.

నిలబడినప్పుడే ఎందుకు?

దీనిని సాగరు కాలువ క్రింద సేద్యము చేసేవారికి చెప్పడం సులభము. పిల్లకాలువ నిండుగా పారుతున్నప్పుడు గట్టులో ఎండ్రకాయ బొక్క ఉన్నా ఎవరికి తెలియదు. నీరు సన్నగా వచ్చే రోజున ఆ బొక్కయే సగము నీటిని తీసికొని పోతుంది. ఇంజనులో నీరు బయటికి పోవుటకు బదులు గాలి లోపలికి వస్తుంది, అంతే తేడా. ఐడిలింగులో కార్బొరేటరు తలుపు దాదాపు మూసియుంటుంది, ఇంజను లోపలికి బలముగా పీల్చుతుంది. పోయేది కొంచెము గాలియే గనుక పగులులోనుండి దొంగతనముగా వచ్చే గాలి ఎక్కువ పాలు అవుతుంది. పెట్రోలు పాళ్ళు పలుచనై నిప్పురవ్వ పడినా మండదు. వేగములో తలుపు తెరచుకుంటుంది, గాలి వెల్లువగా వస్తుంది, ఆ కొద్దిపాటి దొంగగాలి లెక్కలోనికి రాదు.

ఇతర గురుతులు

ప్లగ్గు రంగు చాల సంగతులు చెబుతుంది. బిస్కత్తు రంగులో ఉంటే ఆరోగ్యము. పొడి మసి ఉంటే పెట్రోలు ఎక్కువ. పెట్రోలుతో తడిసియుంటే నిప్పురవ్వ లేదేమో చూడవలెను. నూనెగా ఉంటే రింగులు గాని, వాల్వు సీళ్ళు గాని అరిగినవి. తెల్లగా ఉంటే గాలి ఎక్కువ. చీకటిలో ఇంజను వేసి చూస్తే పాడైన వైర్ల మీద నీలిరంగు మెరుపులు కనబడును. వానాకాలములో డిస్ట్రిబ్యూటరు మూత లోపల తేమ చేరితే మిస్సింగు వస్తుంది, పొడిగుడ్డతో తుడవవలెను. ఐడిలింగు జెట్టులో నలుసు పడినా ఇదే వణుకు వచ్చును.

2025 నాటికి మన దేశములో పెట్రోలులో 20 శాతము ఇథనాలు కలపడం అమలులోనికి వచ్చినది. పాత బండ్ల రబ్బరు గొట్టములు, గాస్కెట్లు దానిని దృష్టిలో పెట్టుకొని చేసినవి కావు. కాబట్టి పాత బండి గలవారు వాటిని అప్పుడప్పుడు వంచి, అడుగున కూడ చూచుట మంచిది.

2020 ఏప్రిల్ నుండి వచ్చిన బి.ఎస్. 6 బండ్లలో కార్బొరేటరు ఉండదు. కంప్యూటరు లోపమును నెంబరుగా చూపుతుంది. పి0303 అని వస్తే మూడవ సిలిండరు తప్పుచున్నదని అర్థము. అయితే అది ఏ గదిలో గొడవ జరుగుచున్నదో చెప్పును గాని, ఎందుకు జరుగుచున్నదో చెప్పదు. అది మనుష్యుడే వెదకవలెను. ఇంజను దీపము మినుకుమినుకుమంటూ ఉంటే అలాగే నడుపకూడదు. మండని పెట్రోలు సైలెన్సరులోని శుద్ధిచేసే భాగమును కాల్చివేయును.

జాగ్రత్తలు కూడ చెప్పవలెను. తలుపులు మూసిన కొట్టములో ఇంజను నడుపరాదు. వాసన లేని విషవాయువు ప్రాణము తీయును. పైటకొంగు, తువ్వాలు బెల్టు దగ్గరకు రానీయరాదు. గాలి పగులు వెదకడానికి కొందరు పెట్రోలు చల్లుతారు. అది నిప్పుతో ఆట. నొక్కి చూడడమే చాలును, కీళ్ళ వద్ద కొద్దిగా సబ్బునీళ్ళు వేసినా ఇంజను శబ్దములోని మార్పు తెలియును. నడుస్తున్న ఇంజను ప్లగ్గు వైరును చేతితో లాగరాదు.

ఆ మెకానిక్కు అడిగిన ప్రశ్న

పని ముగిసిన తరువాత ఆయన మూడు ప్లగ్గులను వరుసగా పెట్టినాడు. మూడవది పాలిపోయి ఉన్నది. మొదటి రెండు నల్లగా మసిబారినవి. “చోకు లాగి నడుపుతున్నరా?” అని అడిగినాడు. మేము చూస్తే చోకు మీట సగము లాగియే ఉన్నది. బండి దారిలో ఆగిపోకుండ ఆ యువకుడు చోకు సగము లాగి నడిపినాడు. దానివలననే పెట్రోలు త్రాగినది. లెక్కలో తగ్గిన పెట్రోలు ఎవరి ఇంటికీ పోలేదు, సైలెన్సరులోనుండి పొగగా పోయినది.

“నడిపినోణ్ని అడగలేదా సాబ్?” అన్నాడు ఆయన. మాకు జవాబు లేదు.

యోహాను సువార్త 7వ అధ్యాయములో నీకొదేము పరిసయ్యులను అడిగిన ప్రశ్న మనకు తెలిసినదే. ఒకని మాట వినకమునుపే, అతడు చేసినది తెలిసికొనకమునుపే తీర్పు తీర్చవచ్చునా అన్నదే దాని భావము. ఆ వాక్యము మీద మేము ప్రసంగము చేసియున్నాము. గొట్టము విషయములో అరగంట ఓపిక పట్టిన మేము, రెండుసార్లు మా యొద్దకు వచ్చి చెప్పిన బిడ్డ విషయములో ఐదు నిమిషములు పట్టలేకపోయినాము.

ఆ సాయంత్రమే, కూటములో ఉన్న పెద్దలందరిని వెంటబెట్టుకొని అతని ఇంటికి వెళ్ళినాము. వారి ఎదుట అవమానించినాము గనుక వారి ఎదుటనే క్షమాపణ అడగవలెనని అనుకున్నాము. అతడు తల వంచుకొని నిలువబడినాడు. అతని తల్లి మాత్రము, “అయ్యగారూ, బండి మాట విన్నరు. నా పిల్లగాని మాట వినకపోతిరి” అన్నది. ఆ మాట నేటికిని మా చెవులలో ఉన్నది.

అతడు వెంటనే తాళపుచెవి తీసికొనలేదు. తల్లి మరుసటి ఆదివారము వచ్చినది, అతడు రావడానికి ఇంకొక నెల పట్టినది. మేము తొందరపెట్టలేదు. ఇప్పుడు బండి అతడే నడుపుచున్నాడు. పెట్రోలు పుస్తకములో ఒక కొత్త గడి గీసినాము. ‘నడిపినవారు చెప్పినది’ అని దానికి పేరు. ప్రతి కూటములో మొదట అదియే చదువుచున్నాము.

ప్రియులారా, మీ ఇంటిలో లెక్క కుదరని సంగతి ఏదైన ఉన్నదా? తగ్గిన డబ్బు గాని, మాటలాడని కుమారుడు గాని, ముఖము చాటువేసిన కోడలు గాని? నేరము మోపకమునుపు ఒక్కసారి కూర్చుని వినండి. ఎవరో మీతో ఇదివరకే రెండుసార్లు చెప్పియుండవచ్చును. వినే చెవులు దయచేయుమని ప్రభువును అడుగుదము. ఆమేన్.