చదవలేని డిస్కు: ముందు నకలు, తరువాత మరమ్మతు

ముత్తాతల వలస పత్రాల నకళ్లు, పెళ్లినాటి ఛాయాచిత్రాలు, పాత క్యాసెట్ల నుండి ఎక్కించిన రామభజనాలు. మారిషస్‌లోని ఒక తెలుగు ఇంట వీటన్నిటినీ చిన్న సర్వరులో దాచుకొన్నారనుకొందాం. ఒకనాడు ఆ సర్వరు డిస్కును చదవలేకపోతున్నట్లు తెలుపుతుంది. అప్పుడు తొందరపడి మరమ్మతుకు దిగితే, దక్కవలసిన దస్త్రాలు కూడా పోవచ్చు.

హార్డ్ డిస్కులో సమాచారం సెక్టర్లు అనే చిన్న గడులలో ఉంటుంది. ప్రతి గడిలోనూ సమాచారంతోపాటు దానిని సరిచూసే సంకేతం కూడా ఉంటుంది. ఆ రెండూ పొసగనప్పుడు డిస్కు అదే గడిని మళ్లీ మళ్లీ చదవజూస్తుంది. సర్వరు నిలిచిపోయినట్లు తోచేది అందుకే. సర్వరుల కొరకు చేసిన డిస్కులు సాధారణంగా 7 సెకన్లలో ప్రయత్నం విరమించి లోపాన్ని తెలుపుతాయి. మామూలు కంప్యూటరు డిస్కులు అంతకంటె చాలాసేపు పెనుగులాడతాయి.

ఈ దశలో డిస్కుపై కొత్తగా ఏమీ వ్రాయరాదు. దస్త్రాల అమరికను సరిచేసే ప్రోగ్రామును నడపడం మరింత ప్రమాదకరం. అది తనకు అర్థం కాని భాగాలను తొలగించివేయవచ్చు.

డిస్కు తన ఆరోగ్యాన్ని తానే లెక్క వ్రాసుకొంటుంది. ఆ పట్టిక పేరు స్మార్ట్. అందులో ముందుగా 199వ అంశాన్ని చూడండి. ఆ సంఖ్య పెరుగుతూ ఉంటే లోపం చాలావరకు డిస్కుది కాదు, కేబుల్‌ది. సర్వరును ఆపి కేబుల్ మార్చండి. పాత సంఖ్య సున్నాకు తిరిగి రాదు కనుక దానిని వ్రాసి ఉంచుకొని, ఇక పెరగడం లేదని రూఢి చేసుకోవాలి. కొత్త డిస్కు కొనడానికి పరుగెత్తేవారికి ఈ చవకైన తీగ గుర్తుకు రాదు!

5వ అంశం, డిస్కు పాడైనవిగా ఎంచి వేరొక చోటికి మార్చిన గడుల లెక్క. 197 అనుమానంలో ఉన్న గడులను, 198 పరీక్షలో చదవలేకపోయిన గడులను తెలుపుతాయి. ఇవి పెరుగుతూ ఉంటే, పట్టిక పైభాగాన డిస్కు బాగున్నదని తీర్పు ఉన్నా నమ్మరాదు.

ఇక నకలు తీయాలి. దేనిని ముందు? వలస రిజిస్టర్లు మోకాలోని మహాత్మా గాంధీ సంస్థలో భద్రంగా ఉన్నాయి. ఆ పత్రాల నకలు పోయినా మళ్లీ అడగవచ్చు. నాయనమ్మ గొంతులోని భజన అలా కాదు. అసలు క్యాసెట్ చెడిపోయి ఉంటే అది మరెక్కడా లేదు. కాబట్టి మొదట దానిని మరొక డిస్కుకు ఎక్కించండి. తరువాత డీడీరెస్క్యూ అనే ఉచిత ప్రోగ్రాముతో డిస్కు మొత్తాన్ని, అంతే పరిమాణమో అంతకంటె పెద్దదో అయిన కొత్త డిస్కుకు దింపాలి. అది తేలికగా చదవగలిగిన భాగాలను ముందు తీసుకొని, కష్టమైన చోట్లకు చివర తిరిగి వస్తుంది. ఎంతవరకు చదివినదీ ఒక పటంలో గుర్తుంచుకొంటుంది. మధ్యలో విద్యుత్తు పోయినా ఆగిన చోటి నుండి సాగించవచ్చు. డిస్కు టకటకమని మ్రోగుతూ ఉంటే మాత్రం వెంటనే ఆపి, నిపుణులకు అప్పగించడం మేలు.

రెండు డిస్కులు జంటగా ఉన్న సర్వరులోనూ ఈ జాగ్రత్త తప్పదు. చెడినదాని స్థానంలో కొత్తది పెట్టగానే, మిగిలిన పాత డిస్కును మొదటి నుండి చివర వరకు చదవవలసి వస్తుంది. దానిలో దాగి ఉన్న లోపం బయటపడేది తరచు అప్పుడే. అందుచేత ముఖ్యమైన దస్త్రాలను ముందే బయటి డిస్కుకు ఎక్కించుకోవాలి.

పాత డిస్కును వెంటనే పారవేయకండి. కొత్తదానిలోని చిత్రాలను తెరచి చూచి, పాటలను చివరిదాకా విన్న తరువాతే దానిని వదలండి.