ఉప్పునీళ్లతో వెన్నెల

నాటకం చూసేటప్పుడు మీ కళ్లు ఎక్కడుంటాయి? వేషాలు వేసినవాళ్ల మీదే కదా! తెర పక్కన నిలబడి దీపాలు నడిపేవాళ్లను ఎవరూ చూడరు. వాళ్లు ఉన్నట్టు ప్రేక్షకులకు తెలిసిందంటే, ఎక్కడో పొరపాటు జరిగిందన్నమాట!

1978లో కరీంనగర్‌లో డిగ్రీ చదువుతున్నప్పుడు అలా తెర పక్కన నిలబడినవాళ్లలో నేనూ ఒకణ్ణి. తరగతిలో బట్టీపట్టిన ఓమ్ సూత్రం నాకు నిజంగా అర్థమైంది అక్కడే.

స్విచ్చి వేస్తే దీపం ఒక్కసారిగా వెలుగుతుంది. తీస్తే ఒక్కసారిగా ఆరిపోతుంది. కాని పొద్దు అలా గూకుతుందా? వెన్నెల అలా వస్తుందా? నాటకంలో వెలుగు మెల్లగా పెరగాలి, మెల్లగా తగ్గాలి. అందుకు వాడే సాధనమే డిమ్మర్. దాన్ని కొనే స్తోమత మాకు లేదు. అందుకని మా డిమ్మర్ ఒక ఆవకాయ జాడీ!

జాడీ ఎలా పనిచేసింది?

పది లీటర్ల జాడీలో నీళ్లు పోసి, కాస్త ఉప్పు కలిపాం. అడుగున ఒక ఇనుప పళ్లెం. పైన తాడుతో వేలాడే మరో పళ్లెం. కరెంటు ఒక పళ్లెం నుంచి నీళ్ల గుండా రెండో పళ్లేనికి చేరి, అక్కడి నుంచి బల్బులకు వెళ్తుంది. తాడు లాగితే పై పళ్లెం లేస్తుంది. అప్పుడు కరెంటు ఎక్కువ నీటిని దాటాలి. అంటే నిరోధం పెరుగుతుంది, వెలుగు తగ్గుతుంది. తాడు వదిలితే వెలుగు పెరుగుతుంది.

నీటిలో ఉప్పు ఎందుకు? స్వచ్ఛమైన నీటిగుండా విద్యుత్తు దాదాపు ప్రవహించదు. ఉప్పు కరిగినప్పుడు సోడియం, క్లోరిన్ అయాన్లుగా విడిపోతుంది. విద్యుత్తును మోసేవి ఈ అయాన్లే. ఉప్పులాంటి పదార్థాలు నీటిలో ఇలా విడిపోతాయని స్వీడన్ శాస్త్రవేత్త స్వాంటే అర్హీనియస్ 1884లో ప్రతిపాదించాడు. ఈ సిద్ధాంతానికే ఆయనకు 1903లో నోబెల్ బహుమతి వచ్చింది.

తెల్లారిన అర్ధరాత్రి

మా నాటకంలో ఒక అర్ధరాత్రి సీను ఉంది. మంచం మీద జబ్బుపడిన తండ్రి, పక్కన కొడుకు, చుట్టూ మసక వెలుతురు. సీను దాదాపు అరగంట. నేను తాడు పట్టుకుని కదలకుండా నిలబడ్డాను. కాని వెలుగు దానంతట అదే పెరగసాగింది! పళ్లెం పైకి లాగాను. కాసేపటికి మళ్లీ పెరిగింది. చివరికి పళ్లెం పైకంటా వచ్చింది, ఇక లాగడానికి చోటు లేదు. ప్రేక్షకుల్లో ఎవరో "తెల్లారిందిరో!" అని అరిచారు. హాలంతా నవ్వు.

ఏం జరిగిందో ఊహించగలరా? డిమ్మర్ తగ్గించిన శక్తి మాయమైపోదు. ఆ జాడీ మీద 1000 వాట్ల బల్బులు రెండు నడుస్తున్నాయి. మొత్తం వోల్టేజిలో సగం నీళ్లలో ఖర్చయితే, అక్కడ 600 వాట్లకు పైగా వేడి పుడుతుంది. అది జాడీలో ఒక కరెంటు పొయ్యి పెట్టినట్టే! పది లీటర్ల నీరు అరగంటలో 25 డిగ్రీలకు పైగా వేడెక్కుతుంది. నీరు వేడెక్కితే అయాన్లు చురుగ్గా కదులుతాయి. ప్రతి డిగ్రీకి ఉప్పునీటి వాహకత సుమారు 2 శాతం పెరుగుతుంది. అంటే తాడు కదల్చకపోయినా నిరోధం తగ్గి, దీపం వెలుగు పెరుగుతుంది.

నా స్నేహితుడికి ఒక ఉపాయం తోచింది. చెంబుతో చన్నీళ్లు తెచ్చి జాడీ మీదికి వంగాడు. మాకు సాయం చేస్తున్న ముసలి ఎలక్ట్రీషియన్ అతని చొక్కా పట్టుకుని వెనక్కి గుంజాడు.

"మెయిను బంద్ చెయ్యకుంట నీళ్ల జోలికి పోతవా బిడ్డా? పానం పోతది!" అన్నాడు.

ఆయన మాటలో అతిశయోక్తి లేదు. తడిసిన శరీరం నిరోధం సుమారు 1000 ఓమ్‌లకు పడిపోవచ్చు. 230 వోల్టులను 1000తో భాగించండి. 0.23 ఆంపియర్లు వస్తుంది. గుండె లయ తప్పడానికి 0.1 ఆంపియరు చాలు. మసకగా వెలుగుతున్న దీపాన్ని చూసి, జాడీలో కరెంటు కూడా తక్కువే ఉంటుందని మేము భ్రమపడ్డాం. ఆ రోజు ఆయన అక్కడ లేకపోతే, నాటకంలో చావు నిజం చావు అయ్యేది. ఒక నిమిషం పాటు హాలు చీకటైంది. మెయిను ఆపి, నీళ్లు మార్చి, సీను ముగించాం.

ఆదిలాబాద్‌లో దొరకని వెన్నెల

తరవాతి నెలలో అదే నాటకాన్ని ఆదిలాబాద్ తీసుకువెళ్లాం. బస్సులో గోదావరి దాటి, నిర్మల్ మీదుగా మహబూబ్ ఘాట్ ఎక్కి చేరుకున్నాం. ఈసారి జాడీని కర్రల చట్రంలో పెట్టి, చుట్టూ ఎవరూ రాకుండా తాడు కట్టాం. కాని కొత్త చిక్కు వచ్చింది. బల్బుల ముందు నీలం జిలెటిన్ కాగితం పెట్టినా వెన్నెల పడలేదు. స్టేజీ అంతా మురికి చీకటి!

మీటరు పెట్టి చూస్తే వోల్టేజి 180 మాత్రమే. తగ్గింది ఐదో వంతుకు కాస్త ఎక్కువే. కాని ఫిలమెంటు బల్బు వెలుగు వోల్టేజికన్నా చాలా వేగంగా పడిపోతుంది. 180 వోల్టుల దగ్గర సగం వెలుగు కూడా రాదు. పైగా రంగు మారుతుంది. ఫిలమెంటు బాగా వేడెక్కినప్పుడు తెల్లగా, చల్లబడేకొద్దీ పసుపు, నారింజ, ఎరుపు రంగుల్లో వెలుగుతుంది. కమ్మరి కొలిమిలో ఇనుము కూడా అంతే కదా! చల్లబడే ఫిలమెంటులో అన్నిటికన్నా ముందు తగ్గేది నీలం కాంతి. నీలం కాగితం రంగును తయారుచెయ్యదు. ఉన్న కాంతిలో నీలాన్ని మాత్రమే పోనిస్తుంది. అసలు నీలమే లేనప్పుడు అది దేన్ని పోనిస్తుంది?

మరి ఏం చేశాం? రెండు పొరల కాగితంలో ఒకటి తీసేశాం. 20 అడుగుల దూరంలో ఉన్న దీపాలను వెదురు గడలకు కట్టి 14 అడుగులకు తెచ్చాం. కాంతి తీవ్రత దూరం వర్గానికి విలోమంగా మారుతుంది కనుక, వెలుగు దాదాపు రెట్టింపైంది. వెన్నెల స్టేజీ అంతా పరుచుకోలేదు, తండ్రి మంచం మీద మాత్రమే పడింది. కాని ఆ రాత్రి హాలులో ఎవరూ నవ్వలేదు.

ఈనాటి దీపాలు

ఇప్పుడు జాడీల అవసరం లేదు, వాటిని ఎవరూ వాడకూడదు కూడా. 1957లో అమెరికాలో జనరల్ ఎలక్ట్రిక్ కంపెనీ వారు థైరిస్టర్ తయారుచేశారు. అలాంటి పరికరాలున్న డిమ్మర్ కరెంటును సెకనుకు 100 సార్లు ఆపి, మళ్లీ వదులుతుంది. అందువల్ల శక్తి అంతగా వృథా కాదు. ఎల్.ఇ.డి. దీపంలో వేడెక్కి వెలిగే ఫిలమెంటు లేదు. దాన్ని ఎంత తగ్గించినా ఎర్రబడదు.

మీరూ చేసి చూడండి

పెద్దవాళ్ల సాయంతో ఒక పెన్సిలును నిలువునా చీల్చి, లోపలి ములుకు బయటికి కనపడేలా చెయ్యండి. రెండు టార్చి సెల్స్, ఫిలమెంటు ఉన్న టార్చి బల్బు, ములుకు – వీటిని తీగలతో వరసగా కలపండి. ఒక తీగ కొసను ములుకు మీద జరపండి. బల్బు వెలుగు పెరుగుతుంది, తగ్గుతుంది. దాని రంగు ఎలా మారుతుందో గమనించండి. తరవాత నీలం కాగితంలోంచి, ఎర్ర కాగితంలోంచి చూడండి. ఏ కాగితంలోంచి బల్బు ముందుగా కనపడకుండా పోయింది?

ఈ ప్రయోగం టార్చి సెల్స్‌తో మాత్రమే. ఇంటి కరెంటుతో వద్దు. ఆ ముసలాయన ప్రతిసారీ మీ పక్కన ఉండడు కదా!