ట్రాక్టరుతో గుంతలు తీసే యంత్రం: సురక్షిత వినియోగం, నిల్వ

మామిడి, బత్తాయి, ఆయిల్‌పామ్ వంటి తోటలు నాటడానికి, పొలం చుట్టూ కంచె వేయడానికి, పందిరి తోటలకు రాతి కడీలు పాతడానికి గుంతలు తీయడం అధిక శ్రమతో కూడిన పని. గడ్డపార, పారలతో వేసవి ఎండలో చేయవలసిన ఈ పనిని ట్రాక్టరుకు అమర్చే గుంతల యంత్రం, అంటే పోస్ట్ హోల్ డిగ్గర్, నిమిషాలలో పూర్తి చేస్తుంది. అయితే ఇది ఏడాదిలో కొన్ని వారాలు మాత్రమే పనిచేసి, మిగిలిన కాలమంతా ఖాళీగా ఉండే యంత్రం. ఆ ఖాళీ కాలంలో దానిని ఉంచిన తీరే తరువాతి వేసవిలో దాని పనితనాన్ని, దాని వద్ద పనిచేసేవారి భద్రతను చాలావరకు నిర్ణయిస్తుంది.

యంత్ర నిర్మాణం

ట్రాక్టరు మూడు బిందువుల లింకేజికి బిగించే చట్రం, పి.టి.ఓ. షాఫ్టు, గేరు బాక్సు, మర ఆకారంలో ఉండే ఆగర్ దీనిలోని ముఖ్య భాగాలు. ఆగర్ అడుగున నేలలోకి దిగే మొన, మట్టిని కోసే బ్లేడ్లు ఉంటాయి. పి.టి.ఓ. షాఫ్టు నిమిషానికి 540 చుట్లు తిరుగుతుంది. గేరు బాక్సు ఈ వేగాన్ని సుమారు మూడో వంతుకు తగ్గించి, శక్తిని నిలువుగా ఆగర్‌కు మళ్ళిస్తుంది. చాలా యంత్రాలలో షియర్ బోల్టు ఉంటుంది. రాయి లేదా వేరు అడ్డుపడినప్పుడు ఈ బోల్టు తెగిపోయి గేరు బాక్సును, షాఫ్టును కాపాడుతుంది. 15 నుండి 60 సెం.మీ. వరకు వేర్వేరు వ్యాసాల ఆగర్లు లభిస్తాయి.

గుంత పరిమాణం

యంత్రం తీసే గుంత గుండ్రంగా ఉంటుంది. సిఫార్సులు ఎక్కువగా చతురస్రపు గుంతలకు ఇచ్చినవి. ఒకే వెడల్పు, ఒకే లోతు ఉన్నప్పుడు గుండ్రని గుంత ఘనపరిమాణం చతురస్రపు గుంతలో సుమారు 78 శాతమే. ఆయిల్‌పామ్‌కు సిఫార్సు చేసిన 60 సెం.మీ. పొడవు, వెడల్పు, లోతు గల గుంతకు సమానమైన మట్టి తీయాలంటే 60 సెం.మీ. ఆగర్‌ను సుమారు 76 సెం.మీ. లోతు వరకు దించాలి. మామిడికి మీటరు పొడవు, వెడల్పు, లోతు గల గుంత సిఫార్సులో ఉంది. అదే ఆగర్‌తో 90 సెం.మీ. లోతు తీసినా అందులో నాలుగో వంతు మాత్రమే వస్తుంది. కాబట్టి గట్టి మొరం నేలల్లో మామిడికి యంత్రపు గుంత ఒక్కటే చాలదు. పక్కపక్కనే గుంతలు తీసి, మధ్య మట్టిని పారతో తొలగించి వెడల్పు చేసుకోవాలి.

యంత్రం పైమట్టిని, అడుగుమట్టిని కలిపివేస్తుంది. పశువుల ఎరువుతో కలిపి గుంత నింపడానికి పైమట్టి అవసరం కనుక, మొదటి 30 సెం.మీ. లోతు తీశాక యంత్రాన్ని ఆపి ఆ మట్టిని వేరుగా పోయించాలి.

నేలలో తేమ కూడా ముఖ్యమే. తడిగా ఉన్న నల్లరేగడిలో ఆగర్ తిరిగినప్పుడు గుంత గోడలు తాపీతో మెత్తినట్లు నునుపుగా తయారవుతాయి. ఆరిన తరువాత ఆ పొర గట్టిపడి వేర్లు పక్కకు పాకకుండా, నీరు ఇంకకుండా అడ్డుపడుతుంది. మొక్క కుండీలో పెట్టినట్లు అవుతుంది. పిడికిట బిగించిన మట్టి చేతికి అంటుకుంటున్నంతవరకు యంత్రాన్ని దించకూడదు. గోడలు నునుపుగా కనిపిస్తే నాటే ముందు గడ్డపారతో అక్కడక్కడ గీరాలి.

ప్రమాదాలకు మూలం

540 చుట్లు అంటే సెకనుకు 9 చుట్లు. 5 సెం.మీ. వ్యాసం గల షాఫ్టుకు తువ్వాలు, పంచె లేదా చీర కొంగు చిక్కితే ఒక్క సెకనులో సుమారు 1.4 మీటర్ల గుడ్డ చుట్టుకుంటుంది. క్లచ్ తొక్కేందుకు డ్రైవరుకు వ్యవధి ఉండదు. షాఫ్టుపై ప్లాస్టిక్ కవచం, గేరు బాక్సు వద్ద రక్షణ తొడుగు తప్పనిసరిగా ఉండాలి.

గట్టి నేలలో ఆగర్ దిగనప్పుడు కూలీలు చట్రంపై ఎక్కి బరువు వేయడం, చేతులతో నొక్కడం అత్యంత ప్రమాదకరం. దీనికి కారణం యంత్ర నిర్మాణంలోనే ఉంది. సాధారణ ట్రాక్టరు హైడ్రాలిక్ వ్యవస్థ లింకేజిని పైకి ఎత్తుతుందే తప్ప కిందికి నొక్కదు. ఆగర్ తన బరువుతోనే దిగాలి. మొన, బ్లేడ్లు అరిగిపోతే ఆ బరువు చాలదు, మనిషి బరువు అవసరమనిపిస్తుంది. కొత్త బ్లేడ్లు వేయడం, గుంత స్థలాన్ని ముందురోజు కొద్దిగా తడిపి ఆరనివ్వడం దీనికి సరైన పరిష్కారాలు.

తెగిన షియర్ బోల్టు స్థానంలో గట్టి ఉక్కు బోల్టు లేదా ఇనుప చువ్వ ముక్క బిగించడం మరో పొరపాటు. దానివల్ల రక్షణ పోవడమే కాక, బయటకు పొడుచుకు వచ్చిన చివర దుస్తులను పట్టుకుంటుంది. తయారీదారు సూచించిన పరిమాణంలోని బోల్టునే వాడాలి.

పొలంలో పని విధానం

పని మొదలుపెట్టే ముందు డ్రిప్ పైపులు, భూగర్భ పైపులైన్లు, మోటారు కేబుళ్ళు, పైన విద్యుత్ తీగలు ఎక్కడెక్కడ ఉన్నాయో గుర్తించాలి. ట్రాక్టరును సమతలంగా నిలిపి, బ్రేకు బిగించి, ఆగర్ నిలువుగా ఉన్నదీ లేనిదీ రెండు వైపుల నుండి చూడాలి. మొన నేలను తాకిన తరువాతే తక్కువ ఇంజను వేగంతో పి.టి.ఓ. కలపాలి. ఒక్కసారిగా పూర్తి లోతుకు దించకుండా 15–20 సెం.మీ. చొప్పున దించి, పైకెత్తి మట్టిని రాల్చుతూ పోవాలి. డ్రైవరు సీటు విడిచి దిగేటప్పుడు పి.టి.ఓ., ఇంజను రెండూ ఆపాలి. ఆగర్‌కు అంటిన మట్టిని ఇంజను ఆగిన తరువాతే కర్రతో తీయాలి.

ఆయిల్‌పామ్‌ను 9 మీటర్ల త్రిభుజాకార పద్ధతిలో నాటితే ఎకరాకు 57 గుంతలు అవసరం. ప్రతి గుంత వద్ద ఒక మనిషి తిరిగే ఆగర్ పక్కన నిలబడితే, ఎకరం పూర్తయ్యేసరికి 57 సార్లు ప్రమాదపు అంచుకు వెళ్ళినట్లే. గుంతల స్థానాలను ముందుగానే సున్నంతో గుర్తిస్తే డ్రైవరు తప్ప మరెవ్వరూ యంత్రం దగ్గరకు రావలసిన అవసరం ఉండదు.

ఆగర్ మరలా దిగి ఇరుక్కుపోతే హైడ్రాలిక్ బలంతో లాగకూడదు. లింకేజి వంగిపోతుంది, ట్రాక్టరు ముందు చక్రాలు లేచే ప్రమాదమూ ఉంది. ఇంజను ఆపి, తాళంచెవి తీసి, పెద్ద పైపు రెంచితో ఆగర్‌ను వెనక్కు తిప్పి వదులు చేయాలి. తీసిన గుంతలను వెంటనే నింపకపోతే పిల్లలు, దూడలు పడకుండా కంపతో గాని, చెక్కలతో గాని కప్పాలి.

పని ముగిశాక నిల్వ

ఎరువు కలిసిన మట్టి, తేమ ఇనుమును త్వరగా తుప్పు పట్టిస్తాయి. సీజను ముగియగానే యంత్రాన్ని కడిగి పూర్తిగా ఆరబెట్టాలి. అరిగిన మొన, బ్లేడ్లు, పగిలిన కవచాలను అప్పుడే మార్చాలి. తరువాతి సీజనుకు వాయిదా వేస్తే అవి పొలంలో పని మధ్యలోనే గుర్తుకు వస్తాయి. గేరు బాక్సులోని నూనె పాలవలె తెల్లగా కనిపిస్తే నీరు చేరినట్లు. దానిని తీసి, తయారీదారు సూచించిన గ్రేడు నూనె నింపాలి. రంగు పోయిన భాగాలకు, బ్లేడ్లకు గ్రీజు పూయాలి.

పి.టి.ఓ. షాఫ్టు రెండు భాగాలను విడదీసి, శుభ్రం చేసి, గ్రీజు రాసి తిరిగి కలపాలి. కలిపేటప్పుడు రెండు చివరల యోక్‌లు ఒకే తలంలో ఉండాలి, లేకుంటే అదురు ఏర్పడి జాయింట్లు త్వరగా పాడవుతాయి. యూనివర్సల్ జాయింట్లకు గ్రీజు పట్టించి షాఫ్టును నీడలో, నేలకు తగలకుండా ఉంచాలి.

యంత్రాన్ని ట్రాక్టరు నుండి విడదీసేటప్పుడు చట్రానికి గట్టి ఆధారం పెట్టిన తరువాతే పిన్నులు తీయాలి. ఆధారం లేని చట్రం ఒక్కసారిగా పడి కాళ్ళను నలిపివేయగలదు. ఆగర్‌ను గోడకు ఆనించి నిలబెట్టకుండా చెక్క దుంగలపై పడుకోబెట్టాలి. పిల్లలకు అందని షెడ్డులో ఉంచాలి.

విస్తరణ సిబ్బందికి సూచన

అద్దె కేంద్రాల యంత్రం అనేకుల చేతులు మారుతుంది. కవచం ఎవరి వద్ద ఊడిందో, బోల్టు ఎవరు మార్చారో తెలియదు. అందువల్ల ప్రతి యంత్రానికి ఒక పుస్తకం ఉంచి, ఇచ్చేటప్పుడూ తిరిగి తీసుకునేటప్పుడూ కవచాలు, షియర్ బోల్టు, బ్లేడ్లు, గేరు నూనె అనే నాలుగు అంశాలను నమోదు చేయించాలి. యంత్రంతోపాటు సరైన షియర్ బోల్టులు రెండు, మూడు అదనంగా ఇవ్వాలి. అవి చేతిలో ఉంటే డ్రైవరు చువ్వ ముక్క కోసం వెతకడు.

క్షేత్ర ప్రదర్శనలలో యంత్రం ఎంత త్వరగా గుంత తీస్తుందో చూపడం ఆనవాయితీ. దానితోపాటు యంత్రాన్ని ఎలా ఆపాలి, ఇరుక్కున్న ఆగర్‌ను ఎలా తీయాలి, సీజను చివర ఎలా భద్రపరచాలి అన్నవి కూడా చేసి చూపితేనే ఆ ప్రదర్శన సంపూర్ణమవుతుంది.