ఖైదు చేసింది మతాన్నా, దేశాన్నా?

పరాయి దేశంలో ఒక మిషనరీని జైల్లో పెట్టారని వార్త వస్తే చాలు, మన హాస్టల్ గ్రూపుల్లో రెండు జట్లు తయారవుతాయి. ఒక జట్టు "మతస్వేచ్ఛ మీద దాడి" అంటుంది. ఇంకో జట్టు "గూఢచారి అయ్యుంటాడులే" అంటుంది. రెండూ తొందరపాటు మాటలే అని నాకనిపిస్తుంది. ఎందుకో చెప్పడానికి దూరం పోనక్కర్లేదు. నూరేళ్ళ కిందట మన తిరుపతి చుట్టుపక్కలే అట్లాంటి కథ ఒకటి జరిగింది.

తిరుపతి, శ్రీకాళహస్తి, పుత్తూరు, నాయుడుపేట, గూడూరు వైపు లూథరన్ చర్చీలు చాలామంది చూసే ఉంటారు. వాటి మూలం జర్మనీలోని హెర్మన్స్‌బర్గ్ అనే పల్లెలో ఉంది. 1849లో లూయీ హార్మ్స్ అనే పాస్టరు అక్కడ ఒక మిషన్ మొదలుపెట్టాడు. ఆ మిషన్ తరఫున ఆగస్ట్ మిలియస్ 1860ల్లో సూళ్ళూరుపేటకు వచ్చి పని ప్రారంభించాడు. తర్వాత వచ్చినవాళ్ళు చుట్టుపక్కల ఊళ్ళకు విస్తరించారు.

1914 ఆగస్టులో బ్రిటన్, జర్మనీల మధ్య యుద్ధం మొదలైంది. సెప్టెంబరు 22 రాత్రి ఎండెన్ అనే జర్మన్ యుద్ధనౌక మద్రాసు మీద గుండ్లు పేల్చింది, రేవు దగ్గర చమురు ట్యాంకులు తగలబడ్డాయి. జర్మన్ పేరు వింటేనే అనుమానం. విదేశీయుల మీద ఆంక్షలు పెట్టే ఆర్డినెన్సు అదే ఏడాది వచ్చింది. మొదట్లో చాలామంది మిషనరీలను ఉన్నచోటే ఉండమని కట్టడి చేశారు. 1915 మే నెలలో జర్మన్ జలాంతర్గామి లూసిటానియా అనే ప్రయాణికుల ఓడను ముంచేసినాక ఆ మాత్రం ఉదారం కూడా పోయింది. సైన్యంలో చేరే వయసున్న జర్మన్ మగవాళ్ళను మహారాష్ట్రలోని అహ్మద్‌నగర్ శిబిరంలో పెట్టారు. ఆడవాళ్ళనూ పిల్లలనూ చాలామంది మిషనరీలనూ ఓడెక్కించి యూరప్‌కు పంపేశారు. ఆ ఓడ పేరు గోల్కొండ!

ఇక్కడ ఒక సంగతి గమనించండి. వాళ్ళ బోధ తప్పని ఎవరూ అనలేదు. అసలు శిబిరంలో పెట్టడానికి నేరం రుజువు కానక్కర్లేదు, శత్రుదేశపు పౌరుడైతే చాలు. అదే సమయంలో మన మదనపల్లె దగ్గర ఏం జరుగుతా ఉందో చూడండి. 1915లో ఆరోగ్యవరంలో క్షయ ఆసుపత్రి తెరిచారు. దాన్ని నడిపిన డాక్టరు ఫ్రిమోట్ మోలర్ కూడా మిషనరీయే. కానీ ఆయనది డెన్మార్క్. డెన్మార్క్ యుద్ధంలో లేదు. చిత్తూరులో ఉన్న అమెరికన్ ఆర్కాట్ మిషన్ వాళ్ళూ పని చేసుకుంటూనే ఉన్నారు. అందరూ నమ్మేది క్రీస్తునే. తేడా పుట్టిన దేశంలో ఉంది.

యుద్ధం ముగిసినాక కూడా రాజకీయం ముగియలేదు. వెర్సాయ్ సంధిలో 438వ అధికరణం ఈ సంగతి కోసమే పెట్టారు. జర్మన్ మిషన్ల ఆస్తులను అదే మతశాఖకు చెందిన ధర్మకర్తలకు అప్పగించాలని అందులో ఉంది. మన ప్రాంతపు సంఘాలు, బడులు అమెరికాలోని ఒహాయో లూథరన్ల చేతికి వచ్చాయి. దేశాలు మాట్లాడుకున్నాయి, మిషన్లు మాట్లాడుకున్నాయి. ఇక్కడి తెలుగు విశ్వాసులు, ఉపదేశకులు మాత్రం ఎక్కడికీ పోలేదు, గుడి తలుపులు తీస్తానే ఉన్నారు. నాకు ఈ కథలో పెద్దవాళ్ళు వాళ్ళే.

అమెరికన్ అయితే ఎప్పటికీ క్షేమమా అంటే అదీ కాదు. మదురై దగ్గర పనిచేసిన కీథాన్ అనే అమెరికన్ మిషనరీ గాంధీ అనుచరుడైన ఒక ఇంగ్లీషు యువకుడికి తన ఇంట్లో చోటిచ్చాడు. 1930లో ఆయన దేశం విడిచి పోవాల్సి వచ్చింది. జర్మన్లకు దేశం అడ్డమైతే, ఈయనకు స్నేహం అడ్డమైంది.

ఇప్పటి కాలానికి వస్తే ఆండ్రూ బ్రన్సన్ కథ. అమెరికన్ పాస్టరు, టర్కీలో ఇరవై ఏళ్ళకు పైగా ఉన్నాడు, ఇజ్మీర్‌లో చిన్న సంఘాన్ని నడిపాడు. 2016లో అక్కడ సైనిక కుట్ర విఫలమైన కొన్ని నెలలకు, అక్టోబరులో, ఆయన్ని పట్టుకున్నారు. ఉగ్రవాద సంస్థలకు సాయం చేశాడన్నది ఆరోపణ. టర్కీ అధ్యక్షుడు ఎర్దోగాన్‌కు అప్పట్లో అమెరికాలో ఉన్న గులెన్ అనే మతగురువు కావాల్సి ఉండింది. మా గురువును మాకివ్వండి, మీ పాస్టరును తీసుకుపొండి అన్నట్టు బహిరంగంగానే మాట్లాడాడు. 2018 ఆగస్టులో ట్రంప్ టర్కీ ఉక్కు, అల్యూమినియం మీద సుంకాలు రెట్టింపు చేశాడు. లీరా విలువ పడిపోయింది. అక్టోబరు 12న కోర్టు ఆయనకు మూడేళ్ళకు పైగా శిక్ష వేసి, అప్పటిదాకా గడిపిన కాలం లెక్కేసి వదిలేసింది. ఒక మనిషి ప్రార్థన, రెండు దేశాల బేరం ఒకదానికొకటి ఎట్లా చిక్కుకుంటాయో చెప్పడానికి ఇంతకన్నా స్పష్టమైన ఉదాహరణ నాకు దొరకలేదు.

మరి మన చట్టం ఏమంటుంది? రాజ్యాంగంలో 19వ అధికరణం హక్కులు పౌరులకు మాత్రమే. మతస్వేచ్ఛ ఇచ్చే 25వ అధికరణం "వ్యక్తులందరికీ" అంటుంది, అంటే విదేశీయుడికి కూడా. అయితే దేశంలో ఉండే హక్కు దానివెంట రాదు. 1937 నుంచి ఇక్కడ ఉన్న బెల్జియం మిషనరీ లూయీ డి రాట్‌ను ప్రభుత్వం వెళ్ళిపొమ్మంటే, 1991లో సుప్రీంకోర్టు ఆ అధికారం ప్రభుత్వానికి ఉందనింది. నమ్మే స్వేచ్ఛ ఉంది, నిలబడే నేలకు పర్మిషన్ కావాల.

ఇది మిషనరీల గొడవే అనుకోవద్దు. మన కోడూరు, రాజంపేట, రాయచోటి వైపు నుంచి ఎందరో కువైట్ పోయి బతుకుతా ఉన్నారు. అక్కడ హిందువులకు అధికారికంగా గుడి లేదు. వెంకన్న పటం గదిలో పెట్టుకుని మొక్కుకోవాలి. చర్చికి పోయేవాళ్ళు ప్రభుత్వం ఒప్పుకున్న కొద్ది ఆవరణల్లోనే కలుసుకోవాలి. మనలో ఎంతోమంది రేపు వీసా మీద బతకబోయేవాళ్ళమే.

అందుకే ఈసారి అట్లాంటి వార్త వస్తే జట్టు ఎంచుకోకముందు మూడు సంగతులు అడుగుదాం. ఏ చట్టం కింద పట్టుకున్నారు? అతని దేశానికీ ఆ దేశానికీ మధ్య ఏం గొడవ నడుస్తా ఉంది? అదే మతం నమ్మే అక్కడి స్థానికుల పరిస్థితి ఏంది? మూడో ప్రశ్నను వార్తలు ఎక్కువగా వదిలేస్తాయి. విదేశీ పాస్టరు కోసం ఒక అధ్యక్షుడు ఫోన్ చేస్తాడు, స్థానికుడి కోసం ఫోన్ చేసేవాళ్ళు ఉండరు. ఆ స్థానికుడు భయం లేకుండా మొక్కుకోగలుగుతున్నాడా లేదా అన్నదాన్ని బట్టే ఆ దేశంలో మతస్వేచ్ఛ ఎంతుందో నేను లెక్కేస్తాను.