కారు ఆడియో యాంప్లిఫయరు సామర్థ్యము

కారు ఆడియో యాంప్లిఫయరు సామర్థ్యము అనగా కారులోని సంగీత పరికరము స్పీకర్లకు అందించగల విద్యుత్ సామర్థ్యము. దీనిని వాట్లలో కొలుస్తారు. ప్రకటనలలోను, పరికరము ముఖభాగముపైన తరచుగా "50 వాట్లు × 4" అని వ్రాసి ఉంటుంది. అయితే కారుతో పాటు కర్మాగారములోనే అమర్చబడి వచ్చే సాధారణ యాంప్లిఫయరు, ధ్వని చెడకుండా ఎడతెగక ఇవ్వగలిగినది ఒక్కొక్క స్పీకరుకు సుమారు 15 నుండి 22 వాట్లు మాత్రమే. ఈ తేడాకు ముఖ్య కారణములు రెండు: కారులో లభించే వోల్టేజి, సామర్థ్యమును లెక్కించే పద్ధతి.

వోల్టేజి విధించే పరిమితి

కారు బ్యాటరీ వోల్టేజి సుమారు 12. ఇంజను నడుస్తున్నపుడు ఆల్టర్నేటరు దీనిని 13.8 నుండి 14.4 వోల్టుల వరకు పెంచుతుంది. సాధారణ ఫ్యాక్టరీ యాంప్లిఫయరులో ఈ వోల్టేజిని ఇంకా పెంచే ఏర్పాటు ఉండదు. స్పీకరు యొక్క ఒక తీగను మాత్రమే నడిపితే తరంగ శిఖరము 7.2 వోల్టులు దాటదు. 4 ఓముల స్పీకరుకు అప్పుడు లభించేది 6.5 వాట్లే. అందువలన స్పీకరు రెండు తీగలను రెండు యాంప్లిఫయరులు వ్యతిరేక దిశలలో నడుపుతాయి. దీనిని బ్రిడ్జి పద్ధతి అంటారు. ఇందులో శిఖర వోల్టేజి రెట్టింపై, సామర్థ్యము నాలుగింతలు అవుతుంది.

సైన్ తరంగమునకు సూత్రము:

సామర్థ్యము = (శిఖర వోల్టేజి × శిఖర వోల్టేజి) ÷ (2 × స్పీకరు నిరోధము)

దీని ప్రకారము 14.4 × 14.4 ÷ 8 = 25.9 వాట్లు. ఇది ఏ నష్టమూ లేనపుడు వచ్చే గరిష్ఠ విలువ. ట్రాన్సిస్టర్లలో ఒక వోల్టు తగ్గినా అది 22 వాట్లకు దిగుతుంది. ఇంజను ఆపివేసి బ్యాటరీపైనే పాటలు వింటే, నష్టములు లేవనుకున్నా 18 వాట్లకు మించదు.

50 వాట్ల లెక్క

శబ్దమును ఈ పరిమితిని దాటించి పెంచితే తరంగము ఇంకా పైకి వెళ్ళలేదు. దాని శిఖరములు కత్తిరించినట్లు చదునుగా మారతాయి. దీనిని క్లిప్పింగ్ అంటారు. ఇంకా పెంచితే సైన్ తరంగము దాదాపు చతురస్ర తరంగముగా మారిపోతుంది. చతురస్ర తరంగము సామర్థ్యము అదే శిఖర వోల్టేజి గల సైన్ తరంగమునకు రెట్టింపు. అనగా 14.4 × 14.4 ÷ 4 = 51.8 వాట్లు. ప్రకటనలలోని 50 వాట్లు ఈ విధముగా వచ్చినవే. లెక్కగా అది అసత్యము కాదు, కానీ ఆ స్థితిలో సంగీతము వినదగినదిగా ఉండదు.

ఉదాహరణకు ఎస్‌టీ మైక్రోఎలక్ట్రానిక్స్ వారి టీడీఏ7850 అనే నాలుగు చానళ్ళ చిప్ వివరపత్రములో 4 ఓములకు గరిష్ఠ సామర్థ్యము 50 వాట్లు అని, 14.4 వోల్టుల వద్ద 10 శాతము వికృతితో 30 వాట్లు అని రెండు విలువలు ఉన్నాయి. 10 శాతము వికృతి అంటే అప్పటికే క్లిప్పింగ్ మొదలైనదని అర్థము.

ఫ్యూజుతో సరిచూచుట

పరికరము వెనుక 10 ఆంపియర్ల ఫ్యూజు ఉన్నదనుకొందాము. 14.4 వోల్టుల వద్ద లోపలికి వచ్చేది 144 వాట్లు. ఏబీ తరగతి యాంప్లిఫయరు దక్షత సిద్ధాంతరీత్యా కూడా 78.5 శాతము దాటదు. కనుక నాలుగు స్పీకర్లకు కలిపి 113 వాట్లు, ఒక్కొక్కదానికి 28 వాట్లు మించి ఎడతెగక అందుట సాధ్యము కాదు. ఫ్యూజు కొద్ది క్షణములు ఎక్కువ ప్రవాహమును కూడా భరించగలదు కాబట్టి ఇది కచ్చితమైన కొలత కాదు, స్థూలమైన అంచనా మాత్రమే.

ప్రమాణములు

అమెరికాలో ఫెడరల్ ట్రేడ్ కమిషన్ 1974లో తెచ్చిన యాంప్లిఫయరు నియమము ఇళ్ళలో వాడే పరికరములకే వర్తిస్తుంది. కారు పరికరముల కొరకు 2003లో సీఈఏ-2006 అనే ప్రమాణము వచ్చినది. దీనిని ఇప్పుడు సీటీఏ-2006 అంటారు. దీని ప్రకారము 14.4 వోల్టులు, 4 ఓముల వద్ద, వికృతి 1 శాతము మించకుండా కొలవాలి. దీనిని పాటించుట తయారీదారుల ఇష్టము.

ఎక్కువ సామర్థ్యము గల వ్యవస్థలు

వోల్టేజి పెంచకుండానే సామర్థ్యము పెంచుటకు 2 ఓముల స్పీకర్లు వాడతారు. అప్పుడు 25.9కి బదులు 51.8 వాట్లు వీలవుతాయి. ఇటువంటి కారులో 4 ఓముల స్పీకరు బిగిస్తే దానికి అందే సామర్థ్యము సగమవుతుంది. 4 ఓములకే తయారైన యాంప్లిఫయరుకు 2 ఓముల స్పీకరు తగిలిస్తే అది వేడెక్కి చెడిపోవచ్చును. వోల్టేజిని పెంచే కన్వర్టరు గల విడి యాంప్లిఫయరు మరొక మార్గము. చానళ్ళన్నింటినీ కూడి చెప్పుట కూడా వాడుకలో ఉన్నది: 8 చానళ్ళు, ఒక్కొక్కటి 25 వాట్లు అయితే "200 వాట్లు" అవుతుంది.

వినికిడిలో తేడా

సామర్థ్యము రెట్టింపైతే ధ్వని స్థాయి పెరిగేది 3 డెసిబెల్లు మాత్రమే. శబ్దము రెండింతలుగా వినిపించుటకు సుమారు 10 డెసిబెల్లు, అనగా పదిరెట్లు సామర్థ్యము కావాలి. కనుక 22 వాట్లకు, 44 వాట్లకు చెవికి తెలిసే తేడా స్వల్పము. 3 డెసిబెల్లు ఎక్కువ సున్నితత్వము గల స్పీకరు బిగించినా అదే ఫలితము లభిస్తుంది.

కొలిచే విధానము
* స్పీకరుకు బదులు తగినంత వేడిని తట్టుకునే 4 ఓముల నిరోధకమును కలపాలి.
* ఇంజను నడుస్తుండగా సైన్ తరంగపు ధ్వనిని వినిపించి, ఆసిలోస్కోపులో శిఖరములు చదునయ్యే ముందు వరకు శబ్దమును పెంచాలి.
* నిరోధకము చివరల మధ్య ఏసీ వోల్టేజిని కొలిచి, దాని వర్గమును 4తో భాగించాలి. 9 వోల్టులు వస్తే 20.25 వాట్లు.
* బ్రిడ్జి పద్ధతిలో స్పీకరు తీగలు రెండింటిలో ఏదీ కారు బాడీకి తగలరాదు. ఆసిలోస్కోపు గ్రౌండు క్లిప్పును కూడా వాటికి తగిలించరాదు. తగిలితే యాంప్లిఫయరు కాలిపోవచ్చును.

స్పీకర్ల రక్షణ

తక్కువ సామర్థ్యము గల యాంప్లిఫయరు స్పీకర్లకు హాని చేయదని అనుకొనుట పొరపాటు. క్లిప్పింగ్‌లో 22 వాట్ల యాంప్లిఫయరు నుండే దాదాపు 45 వాట్లు వెలువడవచ్చును. అందులో అధిక పౌనఃపున్యములు పెరుగుట వలన ట్వీటరులోని సన్నని తీగచుట్ట వేడెక్కి తెగిపోవచ్చును. ధ్వని బొంగురుపోగానే శబ్దమును తగ్గించుట దీనికి తేలికైన నివారణ.

ఇవి కూడా చూడండి
* ఓమ్ నియమము
* డెసిబెల్
* ఆల్టర్నేటరు