నర్సింగ్ ఫ్రెషర్లూ.. రెజ్యూమేలో మొదట ఉండాల్సింది ఈ నంబరే!

బీఎస్సీ నర్సింగో, జీఎన్‌ఎమ్మో పూర్తయింది. హయత్‌నగర్‌లో బస్సెక్కితే ఎల్బీనగర్, దిల్‌సుఖ్‌నగర్ దాకా దారి పొడవునా ఆస్పత్రులే. రెజ్యూమే పట్టుకుని తిరిగితే ఎక్కడో ఒకచోట ఉద్యోగం దొరుకుతుందనే ధీమా. కానీ ఆ రెజ్యూమేలో ఏముంది? జిరాక్స్ సెంటర్‌లో పాత ఫైల్ తెరిచి, పేరు మార్చి ప్రింట్ తీసిందైతే కష్టమే. పైన నాలుగు లైన్ల ‘కెరీర్ ఆబ్జెక్టివ్’, కింద హాబీలు.. పేషెంట్‌ను చూసుకోగలరా లేదా అన్నది మాత్రం ఎక్కడా కనిపించదు.

పేరు, ఫోన్ నంబర్ కిందే ఉండాల్సింది నర్సింగ్ కౌన్సిల్ రిజిస్ట్రేషన్ నంబర్. డిగ్రీ చేతిలో ఉన్నా రాష్ట్ర కౌన్సిల్‌లో రిజిస్టర్ కాకపోతే నర్సుగా పనిచేయడానికి లేదు. ఎన్‌ఏబీహెచ్ గుర్తింపు ఉన్న ఆస్పత్రులైతే ఈ వివరాలు సరిచూసుకోవాల్సిందే. నంబర్ ఇంకా రాలేదా? ‘ఫలానా తేదీన అప్లై చేశాను’ అని రాయండి. ఏపీలో చదివి ఇటు వచ్చినవాళ్లు తెలంగాణ కౌన్సిల్‌లో రిజిస్ట్రేషన్ పని ముందే చూసుకోవాలి.

ఇక చాలామంది చేసే పెద్ద పొరపాటు.. ‘ఎక్స్‌పీరియన్స్: నిల్’ అని రాసేయడం. మరి కోర్సులో చేసిన క్లినికల్ పోస్టింగ్స్ ఏమైనట్టు? ఫ్రెషర్‌కి అసలు బలం అవే. ఏ ఆస్పత్రి, ఏ వార్డు, ఎన్ని పడకలు, ఎన్ని వారాలు.. అన్నీ రాయండి. ఐవీ క్యాన్యులా పెట్టారా, ఇన్సులిన్ ఇచ్చారా, లేబర్ రూమ్‌లో ఉన్నారా, షిఫ్ట్ హ్యాండోవర్ చేశారా.. అదీ రాయండి. అయితే సొంతంగా చేసినవి, సీనియర్ పక్కన నిలబడి చూసినవి కలిపేయొద్దు. వెంటిలేటర్‌ను దూరం నుంచి చూసి ‘హ్యాండిల్ చేశాను’ అని రాశారనుకోండి. ఆ ముక్క నమ్మి ఐసీయూ నైట్ డ్యూటీ వేస్తే? అక్కడ ఇబ్బంది పడేది మీరొక్కరే కాదు, బెడ్ మీదున్న పేషెంట్ కూడా.

బీఎల్‌ఎస్ కార్డు ఉంటే గడువు తేదీతో సహా చూపించండి. అమెరికన్ హార్ట్ అసోసియేషన్ కార్డు రెండేళ్లే చెల్లుతుంది.

సర్కారు కొలువు లెక్క వేరు. అక్కడ రెజ్యూమే పనిచేయదు. 2024లో తెలంగాణ మెడికల్ రిక్రూట్‌మెంట్ బోర్డు 2,050 నర్సింగ్ ఆఫీసర్ పోస్టులకు నోటిఫికేషన్ ఇచ్చినప్పుడు రాత పరీక్షకు 80 మార్కులు పెట్టింది. మిగతా 20 రాష్ట్ర ప్రభుత్వ ఆస్పత్రుల్లో కాంట్రాక్ట్, ఔట్‌సోర్సింగ్‌లో పనిచేసినవారికి. అలా ఎక్కడైనా పనిచేస్తే సర్వీస్ సర్టిఫికెట్ అప్పుడే తీసుకుని దాచుకోండి. ఏళ్ల తర్వాత దానికోసం ఆఫీసుల చుట్టూ తిరగడం మామూలు తలనొప్పి కాదు.

ఇంటర్వ్యూలో ఒరిజినల్స్ చూపించండి, ఇచ్చేది మాత్రం జిరాక్సులే. వాట్సాప్‌లో పంపేటప్పుడు ఫోటో తీసి కాకుండా పీడీఎఫ్ పంపండి. ఫైల్‌కి ‘ఫైనల్ న్యూ 2’ అని కాదు, మీ పేరు, కోర్సు పెట్టండి.