బెదిరిస్తే బ్రష్ పట్టరు!

పేట్ బషీరాబాద్: ‘పళ్లు తోమకుంటే పుచ్చిపోతాయి’ అని పిల్లలను బెదిరించడం ఇక్కడి ఇళ్లలోనూ, బడుల్లోనూ మామూలే. టీనేజీ వారిపై ఈ మంత్రం అంతగా పారదని అమెరికాలో ఏనాడో తేలింది. కనెక్టికట్‌లోని ఓ ఉన్నత పాఠశాల విద్యార్థులకు జానిస్, ఫెష్‌బాక్ అనే మనస్తత్వ శాస్త్రవేత్తలు దంత సంరక్షణపై మూడు తీరుల ప్రసంగాలు వినిపించారు. 1953లో ప్రచురితమైన ఫలితాల ప్రకారం, పాడైన పళ్లు, చిగుళ్ల చిత్రాలతో హడలెత్తించిన బృందంలో సలహా పాటించడం వారం తర్వాత 8 శాతమే పెరిగింది. సౌమ్యంగా చెప్పిన బృందంలో 36 శాతం పెరిగింది. విచిత్రమేమిటంటే, ఎక్కువగా కలత చెందింది మొదటి బృందమే!

భయం పూర్తిగా వృథా కాదని, దానితోపాటు తేలికగా చేయదగిన మార్గం చూపితే ఫలిస్తుందని తదుపరి పరిశోధనలు సూచించాయి. కనుక తల్లిదండ్రులు పుచ్చుపళ్ల ప్రస్తావన తగ్గించి, ఫ్లోరైడ్ పేస్టుతో ఉదయం, రాత్రి పడుకునే ముందు తోమితే నోటి దుర్వాసన తగ్గుతుందని చెప్పి చూడవచ్చు. స్నేహితుల నడుమ తిరిగే వయసు వారికి ఆ మాట త్వరగా చెవికెక్కుతుంది.